పదకొండు సెకన్ల చక్రం

షింటో వేసుకున్న నీలం చొక్కాకి అప్పటికే ఆరు ఇంటర్వ్యూల అనుభవం ఉంది. షింటోకి ఇంకా పట్టుబడని ధీమా ఆ చొక్కాకి వచ్చేసింది. ఇస్త్రీపెట్టె కనబడితే చాలు, దానంతట అదే దండెం మీంచి దిగి బల్ల మీద పడుకుంటుందని వాళ్లమ్మ త్రేస్య తను చేపలమ్మే ఇళ్లలో చెప్పుకొచ్చేది. త్రేస్య మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఉప్పునీళ్లలో ఓసారి కడిగితే కాస్త నిజం మిగులుతుంది. చొక్కా ఏడో ఇంటర్వ్యూకి బయల్దేరిందన్నది మాత్రం కడగక్కర్లేని నిజం.

కేరళలోని వైపిన్ దీవిలో షింటో చేసే పని ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ. కంప్యూటర్ తెర మీద మనకి కనబడే గళ్లు, రంగులు, నొక్కే బటన్లు, అవన్నీ అతను తీర్చిదిద్దేవే. తెర వెనక కూర్చుని లెక్కలు కట్టేవాళ్లు వేరే. పెళ్లింట్లో గాడిపొయ్యి దగ్గర వండేవాడొకడు, ఆకు వేసి వడ్డించేవాడొకడు ఉంటారు కదా, షింటో వడ్డించే రకం. తినేవాడు తిట్టేది కూడా వడ్డించేవాణ్నే.

అయిదేళ్లపాటు పాలారివట్టంలో ఒక బేకరీ మేడ మీద లోనప్పన్ అనే పెద్దమనిషి కొట్లో ఆ వడ్డన చేశాడు. కొట్టంటే నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, కింద్నుంచి ఎప్పుడూ వచ్చే వెన్న బిస్కట్ల వాసన. ఏప్రిల్లో లోనప్పన్‌కి జ్ఞానోదయం అయింది. మనుషులు వెబ్ పేజీలు లేకుండా బతగ్గలరు గానీ బిర్యానీ లేకుండా బతకలేరని తేల్చుకుని, కొట్టు మూసి ఆలువాలో కుళిమంది హోటలు తెరిచాడు. కుళిమంది అంటే గోతిలో మాంసం పెట్టి వండే అన్నం. షింటో ఉద్యోగం కూడా ఆ గోతిలోనే కలిసింది.

తర్వాత ఆరు ఇంటర్వ్యూలు. ఒకచోట బోర్డు మీద చెట్టు బొమ్మ గీసి దాన్ని తలకిందులు చేయమన్నారు. చేశాడు. ఎందుకు చేశావన్నారు. మరోచోట అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావని అడిగితే, వైపిన్‌లోనే అన్నాడు. వాళ్లు చిరునవ్వు నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆరుచోట్లా ఆఖరికి చెప్పింది ఒకే మాట, తెలియజేస్తాం అని. తెలియజేసినవాడు లేడు.

ఈ సంగతంతా షింటో అక్క మొగుడు బిజోయ్ చూస్తూనే ఉన్నాడు. అతనికి అంగమాలిలో టైల్స్ కొట్టుంది. ఆదివారం చర్చిలో పూజకి వెళ్లొచ్చి అందరూ కర్రపెండలం, గొడ్డుమాంసం తింటుండగా, బావమరిదిని అళియా అని పిలుస్తూ విషయం బల్ల మీదికి తెచ్చాడు.

"అళియా, ఇది ఏడోది. ఇదీ పోతే సోమవారం పొద్దున కొట్టుకొచ్చెయ్. నీదీ గళ్లు పేర్చే పనే, నాదీ గళ్లు పేర్చే పనే. నా గళ్లనైతే ఎవడూ నొక్కి చూడడు."

బిజోయ్ చెడ్డవాడైతే కాదనడం తేలిక. అతను మంచివాడు. పైగా మాంసం ముక్కలు ఏరి షింటో కంచంలో వేస్తూ అన్నాడు. షింటో మాటిచ్చేశాడు. త్రేస్య సోమవారం అన్న మాట వినగానే ఉప్పు గిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టింది. కొడుకు టైల్స్ కొట్లో పని చేస్తే ఆమెకి నామోషీ ఏం లేదు. చేసే పని ఆ పిల్లవాడికి ఇష్టమని మాత్రం ఆమెకి తెలుసు. బేకరీ మేడ మీద నుంచి వచ్చిన రోజుల్లో వాడు అన్నం తింటూ కూడా వేలితో బల్ల మీద గళ్లు గీసేవాడు. ఏప్రిల్ తర్వాత గీయడం మానేశాడు.

శుక్రవారం పొద్దున వాన. షింటో జెట్టీలో పడవెక్కి, హైకోర్టు దగ్గర దిగి, బస్సెక్కి, కంప్యూటర్ కంపెనీలుండే కాక్కనాడు చేరేసరికి చొక్కా ఒకటే పొడిగా ఉంది, దాన్ని గొడుగు కింద పెట్టి మిగతా శరీరాన్ని వానకి వదిలేశాడు. కంపెనీ పేరు ఓళం. తొమ్మిదో అంతస్తు. ఆ భవనంలో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తెరిచి, ఎవరూ లేరని రూఢి చేసుకుని కాసేపు విచారించి మూసుకుంటుంది. పెళ్లికాకుండా లిఫ్టెక్కినవాళ్లు పైకి చేరేసరికి ఇద్దరు పిల్లల తల్లిదండ్రులయ్యారని ఆ చుట్టుపక్కల ఒక వాడుక.

గేటు దగ్గర ఫోను తీసుకుని చీటీ ఇచ్చారు. పైన ఉద్యోగాల విభాగం అమ్మాయి ఎదురొచ్చింది. పేరు మెర్లిన్. షింటో చిరునామా చూసి గొంతు తగ్గించింది. వాళ్లది కూడా వైపిన్‌లోని ఞారక్కల్ అట, వాళ్లింటికి చేపలు తెచ్చేది త్రేస్య చేచ్చేనట, అంటే త్రేస్యక్క. చొక్కా సంగతి కూడా విన్నానంది. ఇదేనా అన్నట్టు చూసింది. తర్వాత గొంతు మామూలుగా చేసుకుని, భారతప్పుళ అని నది పేరు రాసున్న గదిలో కూర్చోబెట్టింది. ఆ నదిలో నీళ్లు లేవు గానీ ఒక పెద్ద బల్ల, గోడ మీద తెర, ఇద్దరు మనుషులు ఉన్నారు.

ఒకాయన పిషారడి సార్. నుదుట గీసిన చందనం ఆరకుండా కొత్తగా ఉంది. మాట కూడా అలాగే, ఒక్క గీత అటూ ఇటూ పోదు. రెండో ఆమె రెహనా, పొన్నాని వైపు మనిషి, పేజీలు తీర్చేవాళ్లకి పెద్ద. షింటో మేడం అనగానే ఆపేసింది. మేడం అంటే తనకి రెండు మోకాళ్లూ నొప్పెడతాయని, చేచ్చి అంటే చాలునని చెప్పింది.

ముందు మామూలు ప్రశ్నలు పావుగంట. షింటో పర్వాలేదనిపించుకున్నాడు. అప్పుడు పిషారడి సార్ కుర్చీ వెనక్కి జరిపి, నవ్వడానికి సిద్ధమైన మొహంతో, మాకు వారసత్వంగా ఒక ఆస్తి వచ్చింది, చూద్దురు గాని అంటూ గోడ మీద ఒక పేజీ తెరిచాడు.

మామిడిపండు పసుపు. షింటోకి ఇంకేం చూడక్కర్లేకపోయింది. ఆ పసుపు వద్దని నాలుగేళ్ల కిందట అతను చాలక్కుడి జ్యోతిష్కుడు శంకుణ్ణి పణిక్కర్‌తో పదిహేను రోజులు పోట్లాడి ఓడిపోయాడు. అది జాతకాల పొంతన చెప్పే పేజీ. అమ్మాయిదీ అబ్బాయిదీ పుట్టిన వివరాలు ఇచ్చి బటన్ నొక్కితే పది పొంతనల్లో ఎన్ని కలిశాయో చెబుతుంది. లోనప్పన్ కొట్టు మూసేశాక దాని ఆలనాపాలనా ఈ కంపెనీకి వచ్చిందన్నమాట.

పిషారడి సార్ పేజీ లోపలి కోడ్ తెరిచాడు. పేజీ అంటే గళ్లలో గళ్లు. ఏ గడి ఎక్కడుండాలో చెప్పాలంటే ప్రతి గడికీ ఒక పేరుండాలి. లోకంలో అందరూ తలభాగం, అడుగుభాగం, ఎడమపెట్టె అని పెట్టుకుంటారు. ఇక్కడ వరసగా నెయ్‌మీన్, ఆవోలి, అయల, మత్తి, నత్తోలి అని ఉన్నాయి.

"చేపల బజారు," అన్నాడు పిషారడి సార్. "మూడు నెలల్నించి దీంతో వేగుతున్నాం. ఇది రాసినవాడు ఎవడో, ఏ మార్కెట్లో ఉన్నాడో తెలియదు. ఏమంటారు?"

షింటో నోరు తెరిచాడు. అక్కడ చెప్పేసి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

"ఎవడో ఆకలి మీద రాశాడు సార్," అన్నాడు.

పిషారడి సార్ నవ్వు మొదలుపెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. ఆరు ఇంటర్వ్యూల్లో షింటోకి దొరకని వస్తువు అది. తను పెట్టిన పేర్లని తనే వెక్కిరించి దాన్ని సంపాదించాడు. బాగానే ఉందనిపించింది. రెహనా మాత్రం నవ్వలేదు, తెర వంక చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు అసలు పరీక్ష పెట్టారు. పిషారడి సార్ బటన్ నొక్కాడు. పసుపు మీద ఎర్రటి రాశిచక్రం ఒకటి తిరగడం మొదలెట్టింది. తిరిగింది, తిరిగింది, చివరికి ఏడు పొంతనలు కలిశాయని చెప్పింది. మొత్తం పదకొండు సెకన్లు. ఈ పాత నకలు మీద ఆ ఆలస్యం ఎందుకో కనిపెట్టాలి. ఇరవై నిమిషాలు గడువు.

షింటో మనసులో ఒక పథకం వేసుకున్నాడు. పది నిమిషాలు బొమ్మలు బరువేమో చూడాలి, మరో అయిదు నిమిషాలు తల గోక్కోవాలి, పదహారో నిమిషంలో దొరికినట్టు కుర్చీలో ముందుకి జరగాలి. పథకం బాగుంది. చేతులు ఒప్పుకోలేదు. కరెంటు పోయినప్పుడు సొంతింట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో చేతికి తెలిసినట్టు, అవి తిన్నగా ఫైలు తెరిచి, కిందికి జారి, ఒక్క లైను దగ్గర ఆగాయి. జవాబు సిద్ధంగా ఉన్నా సరే, పదకొండు సెకన్లు చక్రాన్ని తిప్పుతూ కూర్చోమని చెప్పే లైను. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు.

పిషారడి సార్ కళ్లజోడు మెల్లగా పెట్టుకున్నాడు.

కాక్కనాడు ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్లకి ఫోన్లో ఒక గ్రూపుంది, ఆరొందల మంది. పొద్దున ఒకడు ఏ కంపెనీలో ఏం అడిగారో రాస్తే, మధ్యాహ్నం వెళ్లేవాడు జవాబు బట్టీ పట్టి వెళ్తాడు. అందులో మీరున్నారా అని పిషారడి సార్ అడిగాడు. ఉన్నానన్నాడు షింటో. ఉన్నమాటే. కాకపోతే అందులో పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మలు భరించలేక దాన్ని తెరవడం మానేసి నెల దాటింది.

"ఈ వారంలో మీరు నాలుగోవారు," అన్నాడు పిషారడి సార్. గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "మొదటి ముగ్గురూ కనీసం రెండు నిమిషాలు వెతికినట్టు నటించారు. మీరు ఆ మర్యాద కూడా చేయలేదు."

ఫైలు మూశాడు. రెహనా గడియారం చూసుకుంది.

షింటో బల్ల మీద గీతల్ని చూస్తూ కూర్చున్నాడు. నోరు మూసుకుని లేచి వెళ్తే దొంగ అవుతాడు. కాక్కనాడులో అలాంటి కబురు లిఫ్టు కోసం ఆగదు, మెట్ల మీంచే పరుగెత్తి పక్క భవనంలోకి పోతుంది. ఎనిమిదో ఇంటర్వ్యూ అన్నదే ఉండదు. నోరు విప్పితే మూడు నెలలుగా ఈ గదిలో అందరూ నవ్వుకుంటున్న మూర్ఖుడు అవుతాడు, పైగా ఆ మూర్ఖుణ్ని తనే వెక్కిరించుకుని మురిసినవాడు. రెండువైపులా సోమవారం అంగమాలే కనబడుతోంది. అయితే టైల్స్ కొట్లో అయినా మూర్ఖుణ్ని గల్లాపెట్టె దగ్గర కూర్చోనిస్తారు, దొంగని కూర్చోనివ్వరు.

"ఆకలి మీద రాసినవాణ్ని నేనే సార్," అన్నాడు.

పిషారడి సార్ నమ్మలేదు. ఇదొక కొత్తరకం అనుకున్నాడు. రెహనా మాత్రం లేచి గోడ మీది తెర ఆపేసి, తన కంప్యూటర్ షింటోకి కనబడకుండా తిప్పుకుంది.

"బటన్ పేరేంటి?"

"కరిమీన్."

"ఏ గడిలో ఉంది?"

"ఆవోలిలో. దాని పక్కన రెండు అయలలుంటాయి, అమ్మాయి వివరాలకొకటి, అబ్బాయి వివరాలకొకటి."

"మూలన చంద్రుడి బొమ్మ?"

"నత్తోలి. మొదట మత్తి అని పెట్టాను చేచ్చీ. పణిక్కర్ గారు చంద్రుడు మరీ పెద్దగా ఉన్నాడు, సగం చెయ్యమన్నారు. సగం చేశాక అది మత్తి ఎలా అవుతుంది? అందుకని నత్తోలి చేశాను."

రెహనా అప్పుడు నవ్వింది. పొన్నానిలో ఆమె తండ్రికి చేపల పడవుండేది. నెయ్‌మీన్ అంటే మన వంజరం, పేజీ అంతా అది. దాని కడుపులో వెడల్పుగా చందువలాంటి ఆవోలి. అందులో కానగంతంత అయల, అరచేయంత కరిమీన్. ఇంకా చిన్నవి మత్తి, అన్నిటికన్నా పొట్టివి నత్తోలి, మన నెత్తళ్లు. పేరు చూస్తే చాలు, ఏ గడి ఎంతదో, దేంట్లో ఏది పడుతుందో తెలిసిపోతుంది. ఇంత తేలికగా చదువుకోగల కోడ్ తను ఎక్కడా చూడలేదని, మొదటిరోజే అర్థమైపోయిందని ఆమె చెప్పింది.

పిషారడి సార్ ఆమె వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీ ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు కదా సార్. పొద్దున్నే మీ ముందు చేపల కొలతలు ఎందుకులే అనుకున్నా."

పిషారడి సార్‌కి అవి చేపల పేర్లని తెలుసు. మలయాళ దేశంలో పుట్టి ఆ మాత్రం తెలియకుండా ఉండదు. కానీ ఏ చేప ఎంతుంటుందో ఆయన వంశంలో ఏడు తరాలుగా ఎవరూ చూసి ఉండలేదు. అందుకని మే నెలలో ఒకరోజు నెయ్‌మీన్‌ని తీసుకెళ్లి నత్తోలిలో పెట్టాడు. చాలక్కుడి జాతకాల పేజీ మొత్తం చంద్రుడి బొమ్మలోకి దూరిపోయి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. ఆ పూట కేరళలో ఒక్క సంబంధమూ కుదరలేదని కొందరంటారు. అంత కాకపోయినా, పణిక్కర్ గారి కొడుకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడన్నది మాత్రం నిజమే. ఆ నేరం అప్పుడు ఈ పేర్లు పెట్టినవాడి మీద వేశారు. ఆ సంగతి గుర్తొచ్చినట్టుంది, పిషారడి సార్ చెవులు ఎర్రబడ్డాయి. మనిషి మాత్రం తప్పుకోలేదు.

"సరే, పేర్లకి అర్థముంది. పదకొండు సెకన్లకి ఏం అర్థముంది? జవాబు రెప్పపాటులో వస్తుంటే మనుషుల్ని కావాలని కూర్చోబెట్టారు. ఏ బళ్లో నేర్పారు మీకిది?"

షింటో చెప్పాడు. బేకరీ మేడ మీద పేజీ తయారైన రోజు శంకుణ్ణి పణిక్కర్ గొడుగూ చేతిసంచీ పట్టుకుని వచ్చాడు. బటన్ నొక్కాడు. నొక్కిన వేలు పైకి లేవకముందే జవాబు వచ్చేసింది. పణిక్కర్‌కి కోపం వచ్చింది. నలభై ఏళ్లుగా చూస్తున్న తనకే ఒక జాతకానికి పూట పడుతుంది, ఇది చూసి చెప్పిందా, చూడకుండా చెప్పిందా అన్నాడు. కంప్యూటర్ కదండీ అన్నాడు లోనప్పన్. ఆడపిల్లని ఇచ్చేవాళ్లు కంప్యూటర్ని నమ్మి ఇవ్వరు, తలపట్టుకుని ఆలోచించినవాణ్ని నమ్మి ఇస్తారు, ఆలోచించమను దాన్ని అన్నాడు పణిక్కర్. మూడు సెకన్లు ఆపుతామన్నారు. ఒప్పుకోలేదు. చేతిసంచీ విప్పి, జాతకం చూసే గవ్వలు తీసి, బిస్కట్ల పెట్టె పక్కకి జరిపి, కళ్లు మూసుకుని బల్ల మీద కలిపి పరిచాడు. షింటో ఫోన్లో సమయం చూశాడు. మళ్లీ కలపమన్నాడు, మళ్లీ చూశాడు. మూడుసార్లూ పదకొండే వచ్చింది. అదే రాశాడు. పణిక్కర్ ఇంకోసారి బటన్ నొక్కి, చక్రం తిరుగుతున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడి, ఇప్పుడు చూస్తోంది అని వెళ్లిపోయాడు. ఆ పెద్దాయన పోయి రెండేళ్లయింది. గవ్వల సంగతి కొడుకుతో ఎప్పుడూ చెప్పినట్టు లేదు.

రెహనా కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ లైన్ని అసలు పేజీలోంచి వాళ్లు జూన్‌లో తీసేశారు. అంత వేగంగా చేశామని కంపెనీ అంతా మిఠాయిలు కూడా పంచుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఒక పీడ పట్టుకుంది. వచ్చినవాళ్లు అవే వివరాలతో అదే బటన్ని అయిదుసార్లు, ఆరుసార్లు నొక్కుతున్నారు. మనుషులు అలా ఎందుకు నొక్కుతారని, ఎవరో వాటంతటవే బటన్ నొక్కే యంత్రాలతో దాడి చేస్తున్నారనుకుని, మూడోసారి నొక్కితే తలుపు మూసేసేలా తాళం పెట్టారు. అప్పట్నుంచి తిట్లు ఇంకా ఎక్కువయ్యాయి. నాలుగు వారాలుగా ఆమె జట్టు ఆ దాడి చేసేవాళ్ల కోసమే వెతుకుతోంది.

"యంత్రాలు కావు చేచ్చీ," అన్నాడు షింటో. "పెళ్లికూతుళ్ల తల్లులు."

పిషారడి సార్ కలం మూత తీశాడు.

"అడగ్గానే చెప్పేస్తే చూడకుండా చెప్పిందనుకుంటారు. ఈసారైనా కాస్త ఆలోచిస్తుందేమోనని మళ్లీ నొక్కుతారు. మా అమ్మ కూడా అంతే. తూకం వేసినవాడు వెంటనే బరువు చెబితే మళ్లీ వెయ్యమంటుంది."

పిషారడి సార్ చాలాసేపు తెర వంక చూశాడు. తెర ఆపేసి ఉంది, అయినా చూశాడు. మరి మా పరీక్షకి సరైన జవాబేమిటని అడిగాడు. ఈ గదిలో అయితే ఆ లైను తీసేయాలని, బయట ఉంచాలని షింటో చెప్పాడు. ఆయన అది కాగితం మీద రాసుకున్నాడు. లేచి, చందనం చెదరకుండా నుదురు తుడుచుకుని, తెలియజేస్తాం అన్నాడు.

ఏడోసారి అదే మాట. చొక్కా కూడా ఆశ వదిలేసుకున్నట్టు పడవలో తడిసిపోయింది.

సోమవారం షింటో అంగమాలి వెళ్లాడు. ఇచ్చిన మాట. బిజోయ్ అతన్ని గోడౌన్లో పెట్టాడు, ఏ రకం టైల్స్ ఎక్కడున్నాయో చూసుకోమన్నాడు. గళ్లనెవడూ నొక్కి చూడడన్న బిజోయ్ మాట మొదటిరోజే అబద్ధమైంది. వచ్చిన ప్రతివాడూ వేలి కణుపులతో టైలుని కొట్టి, చెవి పెట్టి వింటాడు. కొట్టిన వెంటనే బాగుందన్నవాడు కొనడు. కొట్టి, కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచించినవాడే కొంటాడు. మూడో రోజుకి షింటో వాళ్లని చూసి ముందే చెప్పగలిగాడు. నాలుగో రోజు నుంచి గోడౌన్లో మోసేవాళ్లు రెండడుగులకి నాలుగడుగుల టైలుని నెయ్‌మీన్ అనీ, బాత్రూం గోడకి పెట్టే చిన్నముక్కల్ని నత్తోలి అనీ పిలవడం మొదలెట్టారు. బిజోయ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పాత పుస్తకం అవతల పడేసి ఆ పేర్లే రాయించాడు.

"నువ్వు ఇక్కడే ఉండిపో అళియా," అన్నాడు భోజనాల దగ్గర. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. షింటో చేపముల్లు తీసుకుంటూ తలూపాడు. ఏ వైపు ఊపాడో బిజోయ్‌కి తెలియలేదు. బల్ల మీద వేలితో గీయడం మాత్రం లేదు.

ఇంట్లో త్రేస్య ఆ వారమంతా హుషారుగా ఉంది. ఉద్యోగం వస్తుందిలే అంటుంది, ఎలా తెలుసంటే చెప్పదు. విషయమేమిటంటే, ఞారక్కల్లో మెర్లిన్ వాళ్లమ్మ పదిహేనేళ్లుగా ఆమె దగ్గర చేపలు కొంటోంది. మొప్ప ఎత్తి చూడకుండా, బేరమాడకుండా ఒక్కనాడూ కొన్నది లేదు. అలాంటి మనిషి శనివారం నుంచి బుట్టలోకి కూడా చూడకుండా, మీరు ఇచ్చిందే ఇవ్వండి చేచ్చీ అంటోంది. త్రేస్యకి అది చాలు. ఉత్తరాలు, ఫోన్లు ఆమెకి అక్కర్లేదు.

మరుసటి సోమవారం మధ్యాహ్నం, పదకొండో రోజున, షింటో మోకాళ్ల మీద కూర్చుని గోడకి ఆనించిన టైల్స్ సర్దుతుండగా ఫోను మోగింది.

మెర్లిన్. ముందు ఆఫీసు గొంతుతో మాట్లాడింది. ఎంపిక చేసినందుకు కంపెనీ సంతోషిస్తోందని, ఒకటో తారీఖు నుంచి రావాలని చెప్పింది. మొదటి పని చక్రాన్ని తిరిగి పెట్టడం, అది పిషారడి సార్ స్వయంగా రాయించిన షరతు. నెయ్‌మీన్ దగ్గర్నుంచి నత్తోలి దాకా ఏది ఎంతుంటుందో బొమ్మలతో ఒక కాగితం ఆయనకి గీసివ్వడం రెండోది.

షింటో లేచి నిలబడ్డాడు. చేతులకి తెల్లటి దుమ్ముంది. ఎప్పుడు తేల్చారని అడిగాడు.

మెర్లిన్ ఆఫీసు గొంతు వదిలేసి, అన్నయ్యని పిలిచే చేట్టా అన్న పిలుపుతో ఞారక్కల్ గొంతులోకి దిగింది.

"చెప్పకూడదు షింటో చేట్టా. మీరు లిఫ్టు దిగేలోపే తేల్చేశారు. వెంటనే చెబితే సరిగ్గా చూడకుండా తీసుకున్నామనుకుంటారని పిషారడి సార్ ఆగమన్నారు. పది రోజుల్నించి మా అమ్మ నన్ను తినేస్తోంది. మరి వస్తారు కదా?"

వస్తానన్న మాట షింటో నోట్లో ఏప్రిల్ నుంచి తయారుగా ఉంది. పెదాల దాకా వచ్చింది కూడా. దాన్ని అక్కడే ఆపి, కళ్లు మూసుకుని, మనసులో గవ్వలు కలపడం మొదలెట్టాడు. ఒకటి. రెండు. మూడు. ఎదురుగా ఒక ముసలాయన టైలుని కణుపులతో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. అయిదు. ఆరు.

ఏడు దగ్గర మెర్లిన్ ఉండబట్టలేక, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేసుకోవచ్చు, పడవా బస్సూ అక్కర్లేదు, అది రాయించడం తన చేతిలో పనేనని చెప్పింది.

షింటో ఖాళీగా ఉన్న చేతి వేలితో, పక్కనున్న టైలు మీది దుమ్ములో ఒక పెద్ద గడి గీశాడు. దాని లోపల ఇంకోటి గీశాడు. పదకొండు నిండాక, వస్తానన్నాడు.